గూడబాతుల ఊళ్లు: నాలుగు చోట్లు, అక్కడి లాడ్జిలు, ఇంటికొచ్చాక ప్రింట్లు

గూడబాతు అంటే పెలికానే, మూతి కింద సంచిలా వేలాడుతుంది చూడండి, ఆ పక్షి. మన కోస్తాలో ఇది గూళ్లు పెట్టే చోట్లన్నీ తిరిగి ఫోటోలు తీసి ఒక ఆల్బమ్ చెయ్యాలని నా పిచ్చి. ఉద్యోగం వేరే, కెమెరా శని ఆదివారాల వ్యవహారం. ఉండేది విజయవాడ కాబట్టి అటు శ్రీకాకుళం వైపు వెళ్లినా ఇటు సూళ్లూరుపేట వైపు వెళ్లినా ఒక రాత్రి రైలు ప్రయాణంతో పోతుంది. ఏ చోటు బావుంటుందన్నా అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు, నా లెక్క ఏంటంటే అక్కడ ఎన్ని వేల పక్షులున్నాయనేది తర్వాత, ఇంటికొచ్చి పెద్ద ప్రింట్ వేస్తే గోడ మీద నిలబడే ఫోటోలు ఎన్ని వచ్చాయి, అంతే. కింద రాసేదంతా ఆ లెక్కలోనే చదవండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఉప్పలపాడు. గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే, పెదకాకాని మండలం, ఊళ్లో చెరువు, చెరువు మధ్యలో తుమ్మచెట్లు, వాటి మీద గూళ్లు. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు, నల్లతల ఐబిస్‌లు, నీటికాకులు అన్నీ ఒకదాని మీద ఒకటి కాపురం. చెరువు చిన్నది కాబట్టి 200 ఎంఎం లాంటి చిన్న లెన్సుతో కూడా పని అయిపోతుంది, అద్దె లెన్సు ఖర్చు మిగులుతుంది. చెట్లు సరిపోక గూళ్ల కోసం ఇనుప స్టాండ్లు కూడా పెట్టారు, అవి ఫ్రేములోకి వస్తే మాత్రం ఫోటో చూడటానికి సెల్ టవర్ లాగా ఉంటుంది, కాబట్టి చెట్ల వైపే నిలబడండి. ఇక్కడ ఉండటానికి వేరే ఏర్పాటు అక్కర్లేదు, గుంటూరులో ఏ లాడ్జిలో దిగినా తెల్లారుజామున ఆటో దొరుకుతుంది. ఐదింటికే వేడి ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి పడేసి ఇచ్చే బండ్లు ఉంటాయి, తినేసి వెళ్లండి ఎందుకంటే చెరువు దగ్గర ఆ వాసనకి తర్వాత తినబుద్ధి కాదు. వాసన గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెప్తున్నా. రెట్టలన్నీ నీళ్లలోనే కదా పడేది, ఆ నీళ్లు పొలానికి పెడితే ఎరువు ఖర్చు తగ్గుతుందని రైతులు సంతోషంగానే ఉంటారు.

ఒక్క మాట, ఏ ఊరెళ్లినా ఇవి సైబీరియా నుంచి వస్తాయండీ అని చెప్తారు, కొన్ని చోట్ల బోర్డుల మీద కూడా అదే. ఈ మచ్చల ముక్కు పెలికాన్ మన దక్షిణాసియా పక్షే, నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతుంది గానీ సైబీరియా మొహం కూడా ఎరగదు. పెయింటెడ్ స్టార్క్ కూడా ఇక్కడిదే. సూదితోక బాతుల్లాంటివి నిజంగా ఉత్తరం నుంచి వస్తాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు పాపం.

నేలపట్టు దీనికి పూర్తిగా వేరే. సూళ్లూరుపేట నుంచి ఇరవై కిలోమీటర్ల దూరం, దొరవారిసత్రం మండలం, హైవే మీద నుంచి కొంచెం లోపలికి. 1976లో సాంక్చురీ చేశారు, సుమారు 458 హెక్టార్లు, దేశంలో ఈ పెలికాన్లు గూళ్లు పెట్టే పెద్ద చోట్లలో ఇదొకటి. చెరువులో నీటి కడప చెట్లు సగం దాకా మునిగి ఉంటాయి, వాటి మీద తెల్లగా పూతపూసినట్టు పక్షులు. చూడటానికి చాలా బావుంటుంది, ఫోటోకి కష్టం. గట్టు మీద నుంచి, వాచ్ టవర్ మీద నుంచి తియ్యాలి, దూరం ఎక్కువ, 400 ఎంఎం ఉన్నా చాలదనిపిస్తుంది, నేను 150-600 జూమ్ లెన్సు అద్దెకి తీసుకెళ్తా. పైగా తొమ్మిదిన్నర దాటితే నీళ్ల మీద వేడి లేచి దూరంగా ఉన్నదంతా వణుకుతున్నట్టు వస్తుంది, కెమెరా తెర మీద అది తెలీదు, పెద్ద ప్రింట్‌లో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. అందుకే అక్కడ క్లోజప్‌ల ఆశ వదిలేసి చెట్టూ నీళ్లూ ఆకాశం కలిపి వెడల్పు ఫోటోలు తీస్తున్నా, అవే ప్రింట్‌కి నిలిచాయి.

ఉండటానికి సూళ్లూరుపేటే దిక్కు. చెన్నై నుంచి లోకల్ రైలు ఇక్కడి దాకా వస్తుంది కాబట్టి అటువైపు మన తెలుగువాళ్లకి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవడం కూడా కుదురుతుంది. లాడ్జిలు స్టేషన్ చుట్టుపక్కల మామూలువే, గది మాట పక్కన పెట్టి ముందు రాకెట్ ప్రయోగం ఎప్పుడో చూసుకోండి. శ్రీహరికోట పక్కనే కదా, ప్రయోగం ఉన్న రోజుల్లో గది దొరకడం గగనం, దొరికినా రేటు వేరే. నేను దిగిన ఒక లాడ్జిలో దుప్పటి మార్చమంటే ఆ కుర్రాడు అదే దుప్పటి దులిపి రెండో వైపు తిప్పి వేసి నవ్వాడు, ఇంకేం అంటాం. అప్పట్నుంచి ఇంట్లో దుప్పటి బ్యాగులోనే ఉంటుంది. తిండికి మాత్రం లోటు లేదు, హైవే పక్కన చేపల పులుసు భోజనం మామిడికాయ ముక్క పడిందంటే రెండోసారి అన్నం అడక్క తప్పదు. పనిలో పనిగా శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సు దాకా వెళ్లండి, చలికాలంలో రోడ్డుకి రెండు వైపులా ఫ్లెమింగోలు, నీళ్లు ఎంత లోతుగా ఉన్నాయన్న దాన్ని బట్టి దగ్గరగానో చుక్కల్లానో కనిపిస్తాయి. జనవరి ప్రాంతంలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తుంటారు, ఆ జనంలో ఫోటోగ్రఫీ అవదు, పిల్లల్ని తీసుకెళ్లడానికి బావుంటుంది.

ఆటపాక దగ్గరికి వస్తే, కైకలూరు నుంచి ఆటోలో దగ్గరే, కొల్లేరు సాంక్చురీలో భాగం. ఇక్కడ పడవ ఉంటుంది, అదే దీని బలం, అదే తలనొప్పి. గూళ్ల కోసం పెట్టిన ఇనుప స్టాండ్ల చుట్టూ తిప్పుతారు, పెలికాన్ పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కోవడం కంటికి ఎదురుగా కనపడుతుంది, ఒక్కోసారి మెడ దాకా లోపలికి పోతుంది, చూస్తే మింగేసిందేమో అనిపిస్తుంది. కానీ పడవ ఊగుతుంది, మీతోపాటు ఎక్కిన ఫ్యామిలీ పిల్లాడు లేచి నిలబడతాడు, ట్రైపాడ్ సంగతి మర్చిపోండి. షట్టర్ స్పీడ్ 1/1600 కింద పెట్టకండి, ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పట్టుకోవాలనే సెట్టింగ్) పెరిగితే పెరగనీండి, ప్రింట్‌లో గ్రెయిన్ కొంచెం ఉన్నా పర్లేదు గానీ కదిలిన ఫోటో పనికిరాదు. పొద్దున్నే మొదటి పడవ, వారం మధ్యలో రోజు అయితే, మొత్తం పడవ మాట్లాడుకుంటే హాయి. పడవ నడిపే అన్న ఒకాయన "సార్ ఇంకా దగ్గరికి పోను, లేస్తే గుడ్లు కాకులెత్తుకుపోతాయి" అని ఆపేశాడు, పక్కనున్నాయన డబ్బులెక్కువిస్తా అన్నా వినలేదు. ఆయన్ని పడవ మీద నిలబెట్టి ఒక ఫోటో తీశా, నా ఆల్బమ్‌లో పక్షి లేని పేజీ అదొక్కటే, అందరూ ఆగి చూసేదీ అదే.

కొల్లేరు గురించి రాస్తే వేరే పోస్టు అవుతుంది. 2006లో ఆక్రమణ చేపల చెరువులు కొట్టేశారు, ఇప్పుడు దారి పొడుగునా చూస్తే సరస్సు ఎక్కడ మొదలైందో చెరువు ఎక్కడ అయిపోయిందో అర్థం కాదు, ఐసు పెట్టెల లారీలు మాత్రం వరసగా. కైకలూరులో లాడ్జి బాగానే ఉంది, శుభ్రంగా, వేడినీళ్లు పొద్దున ఆరు తర్వాతే ఇస్తారు, మనం ఐదింటికే పోతాం కాబట్టి చన్నీళ్లే. కుటుంబంతో అయితే భీమవరంలో దిగి రావడం మేలు.

నాకు అన్నిటికంటే ఇష్టం తేలినీలాపురం. టెక్కలి మండలం, నౌపడ జంక్షన్‌లో దిగితే దగ్గర. ఇక్కడ చెరువు మధ్య చెట్లు కాదండీ, ఊళ్లో ఇళ్ల మధ్య చింతచెట్ల మీద గూళ్లు. పెరట్లో మంచం మీద ఒకావిడ బియ్యం ఏరుకుంటుంటే నెత్తిన పెలికాన్ రెక్కలు దులుపుకుంటుంది. పక్కనే నౌపడ ఉప్పుగల్లీలు, అంటే ఉప్పు పండించే మడులు, తంపర అనే చిత్తడి నేలలు, మేత అక్కడే. పక్షులు సెప్టెంబర్ ప్రాంతంలో వచ్చి మార్చి దాకా ఉంటాయి, వస్తే ఊరికి మంచిదని నమ్మకం, రాకపోతే దిగులు. 2021 డిసెంబర్ ఆ టైములో కడుపులో పురుగుల జబ్బుతో చాలా పెలికాన్లు చచ్చిపోయాయి, ఆ సంగతి ఇప్పటికీ ఇంట్లో మనిషి పోయినట్టే చెప్తారు.

ఇక్కడ వెలుగు గురించి ఒక సంగతి. చెట్టు కింద నుంచి పైకి తీస్తే వెనకాల ఆకాశం తెల్లగా, పక్షీ తెల్లగా, ఏదీ రాదు. పొద్దు వంగాక, మూడున్నర తర్వాత, పక్క ఇంటివాళ్లని అడిగి డాబా ఎక్కితే గూడు కళ్లకి సమానంగా వస్తుంది. ఎవరూ కాదనలేదు నాకు, టీ కూడా ఇచ్చారు. అలా ఒకసారి డాబా దిగి వస్తుంటే ఆ ఇంటి మామ్మ అంది, "అందరూ వొత్తారు, తీసుకుంతారు, ఎల్లిపోతారు. మా సెట్టు ఎలాగొచ్చిందో ఒక్కడూ సూపించలేదు బాబూ" అని. కెమెరా వెనక తెర మీద చూపించా, ఆవిడకి ఆనలేదు. తర్వాతి సీజన్‌లో 12x18 అంగుళాల ప్రింట్ వేయించి లామినేషన్ చేసి పట్టుకెళ్లా. ఆవిడ పక్షుల్ని చూళ్లేదు, వేలు పెట్టి "ఇదిగో కప్పు పెంకులు, అప్పటికింకా మార్పించలేదు కదా" అని కోడలికి చూపించింది. అప్పట్నుంచి ఏ ఊరెళ్లినా వెనకటి సీజన్ ప్రింట్లు బ్యాగులో ఉంటాయి, ఆటపాక పడవ అన్నకి కూడా ఇచ్చా, ఉప్పలపాడు టీ కొట్టులో ఒకటి వేలాడుతోంది. టెక్కలిలో లాడ్జిలు ఉన్నాయి గానీ నా ఓటు శ్రీకాకుళంలో దిగి బండి మాట్లాడుకోవడానికి, రోడ్డు బావుంది, భోజనం బావుంటుంది.

ఇక ప్రింట్ల సంగతి, అసలు గొడవంతా ఇక్కడే. మన ఊళ్లలో ల్యాబులన్నీ పెళ్లి ఆల్బమ్‌ల మీద బతుకుతాయి, 12x36 కరిజ్మా అనే పెళ్లి ఆల్బమ్ షీట్లు వాళ్లకి నిద్రలో కూడా వచ్చు. రేటు తక్కువ, పొద్దున ఇస్తే సాయంత్రానికి చేతిలో ఉంటుంది. కానీ మనం ఏమిచ్చినా పెళ్లికూతురి మొహానికి వేసినట్టు కలర్ కరెక్షన్ వేసేస్తారు, ఒక ల్యాబ్‌లో నా పెలికాన్లన్నీ గులాబీ రంగులో వచ్చాయి. ఇచ్చేటప్పుడే "కరెక్షన్ వద్దండీ, ఉన్నదున్నట్టు వెయ్యండి" అని కవర్ మీద రాయించండి. ఫైల్ ఎస్ఆర్‌జీబీ అనే రంగుల సెట్టింగ్‌లో, 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు), మానిటర్ వెలుగు సగానికి తగ్గించి చూసుకుని ఇవ్వండి, లేకపోతే స్క్రీన్ మీద బ్రహ్మాండం, కాగితం మీద చీకటి. తెల్ల పక్షికి ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దగ్గర, అంటే కాస్త చీకటిగా, తియ్యడం అలవాటు చేసుకోవాలి, తెలుపు కాలిపోయిందంటే ఆ చోట ఇంకు పడదు, ఉత్త కాగితమే. పెద్ద సైజు వేసేముందు అదే కాగితం మీద ఒక 6x8 వేయించి పగటి వెలుగులో చూడండి, ట్యూబ్‌లైట్ కింద వద్దు. గ్లాసీ మెరుస్తుంది, వేలిముద్రలు పడతాయి, మెరుపు తక్కువుండే లస్టర్ కాగితం నా ఛాయిస్.

ఆన్‌లైన్ ఫోటోబుక్ కూడా చేయించా. ప్యాకింగ్, బైండింగ్ ల్యాబ్ కంటే నీట్, కాగితం మందం బావుంది, ధర మూడింతలు. లే ఫ్లాట్ (పేజీలు పూర్తిగా పరుచుకునే బైండింగ్) అని ఉన్నది మాత్రమే తీసుకోండి, మామూలు బైండింగ్ అయితే రెండు పేజీల మీద పరిచిన ఫోటోలో పెలికాన్ మెడ మధ్య మడతలోకి పోతుంది. డిజైన్ వాళ్ల టెంప్లేట్లలో గులాబీలు, హృదయాలు అన్నీ ఉంటాయి, ఖాళీ తెల్ల పేజీ తీసుకుంటే చాలు. హైదరాబాద్‌లో కాటన్ పేపర్ మీద పిగ్మెంట్ ఇంకుతో వేసేవాళ్లున్నారు, నేలపట్టు వెడల్పు ఫోటో ఒకటి వేయించా, చెట్ల నీడల్లో ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి, ఖరీదు చూస్తే ఏడాదికొకటే కుదురుతుంది. కోఠి గుజరాతీ గల్లీకి కెమెరా సామాను కోసం ఎలాగూ వెళ్తాం కాబట్టి అదే ట్రిప్‌లో ఇచ్చి వస్తా.

క్యాలెండర్లు కూడా చేశా, చుట్టాలకి సంక్రాంతికి ఇద్దామని. మా అత్తగారు చూసి "బావుంది బాబూ, తిథులేవి మరి" అన్నారు, వంటింట్లో మళ్లీ కొట్లో ఇచ్చిన క్యాలెండరే వేలాడుతోంది, నాది హాల్లో టీవీ పక్కన. అత్తగారి మాట విని ఈసారి అమావాస్య పౌర్ణమి, ఏకాదశులు వేయించా, దాంతో డిమాండ్ పెరిగి నాకే మిగల్లేదు. తక్కువ ఖర్చులో పంచాలంటే ఇదే బెస్ట్, పది దాటితే ఒక్కోదాని రేటు బాగా తగ్గుతుంది.

వారాంతం ఒక్కటే ఉంటే, చిన్న లెన్సు అయితే ఉప్పలపాడు, పిల్లలుంటే ఆటపాక, పెద్ద లెన్సూ ఓపికా రెండూ ఉంటే నేలపట్టు. రెండు రోజులు సెలవు దొరికితే మాత్రం తేలినీలాపురం, నవంబర్ తర్వాత ఎప్పుడైనా. వానాకాలంలో ఖాళీగా ఉండేవాళ్లు ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చూడండి, అక్కడ పెలికాన్లుండవు, నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు జూన్‌లో వచ్చి ఇళ్ల దగ్గరి చెట్ల మీద గూళ్లు పెడతాయి. కెమెరాకి రెయిన్ కవర్, పాత తువ్వాలు రెండు పట్టుకెళ్లండి, ఇచ్ఛాపురంలో గది దొరక్కపోతే బరంపురం ఎంతో దూరం లేదు.