స్వభావం చెప్పే ఇంగ్లీషు మాటలు: జాబితా మేలా, మనుషుల నోటుబుక్కు మేలా?

మా చెల్లెలి కూతురు ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌కు చదువుతూ గోడకు ఒక కాగితం అంటించుకుంది. మనుషుల స్వభావం చెప్పే ఇంగ్లీషు మాటలు నూట ఇరవై, పక్కనే తెలుగు అర్థాలు. పదిహేను రోజుల్లో అన్నీ నోటికొచ్చాయి. స్పీకింగ్ పరీక్షలో ఒక కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి 1 నిమిషం, మాట్లాడటానికి 2 నిమిషాల దాకా ఇస్తారు కదా, అలాగే ఇంట్లో అడిగాను, "నీ స్నేహితురాలి గురించి చెప్పమ్మా" అని. "షి ఈజ్ గుడ్, వెరీ గుడ్" దగ్గరే ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి పాపం.

జాబితా దండగ అనను. చదివేటప్పుడు మాట కనబడగానే అర్థం తడుతుంది. టైమ్ తక్కువున్నవాళ్లకు అదే దారి. చిక్కల్లా, దగ్గరదగ్గరగా ఉండే మాటలు కలగాపులగం అవుతాయి. వాళ్ల నాన్న వివేకం గల మనిషని చెప్పబోయి 'సెన్సిటివ్' అంది, అంటే సున్నిత మనసు గల మనిషని. అనాల్సింది 'సెన్సిబుల్'. ఇక 'హోమ్లీ' సంగతి చూడండి. మన పెళ్లి ప్రకటనల్లో అది ఇంటిపనీ అణకువా ఉన్న పిల్ల. అమెరికాలో ఎవరినైనా ఆ మాటంటే, అందం అంతంత మాత్రం అన్నట్టు!

మాటలు నేర్పే యాప్‌లు బస్సులో తిరగేసుకోవడానికి బాగుంటాయి. కానీ అందులోని వాక్యాలు మనకు తెలియనివాళ్ల గురించి.

అందుకే నోటుబుక్కు పెట్టించాను. మాట పక్కన అర్థానికి బదులు మనకు తెలిసిన మనిషి, ఆ మనిషి చేసే ఒక పని. 'జనరస్' పక్కన అమ్మమ్మ: పక్కింటివాళ్ల గిన్నె ఎన్నడూ ఖాళీగా తిరిగి పంపదు. 'స్టబర్న్' పక్కన తాతయ్య: డాక్టరు ఎంత చెప్పినా టీలో చక్కెర మానడు.

స్నేహం మాటలకైతే ఈ పద్ధతికి సాటి లేదు. 'ఫాల్ అవుట్' అంటే గొడవపడి ఎడమొహం పెడమొహం కావడం. 'మేక్ అప్' అంటే మళ్లీ కలిసిపోవడం. ఇవి విడివిడిగా బట్టీ పడితే నిలవవు. ఆమె హాస్టల్ కథ రాసుకుంది: "వి ఫెల్ అవుట్ ఓవర్ ఎ చార్జర్ అండ్ మేడ్ అప్ బిఫోర్ డిన్నర్." ఇక మరిచిపోతుందా!

రోజుకు ఎక్కువ మాటలు సాగవు, ఆ మాట నిజం. నెలన్నర టైముంటే నలభై, యాభై మాటలు ఇలా రాసుకుని, మిగతావి జాబితాలో చూసుకోమంటాను.

ఒకరోజు "పెద్దమ్మా, మొహమాటాన్ని ఏమంటారు?" అంది. జాబితాలో 'షై' అని ఉంది. మొహమాటం ఉన్నవాళ్లంతా సిగ్గరులు కారు, ఈ పిల్లే గలగలా మాట్లాడుతుంది. "నీకు మొహమాటం వస్తే ఏం చేస్తావో అది రాయి" అన్నాను. కాసేపు పెన్ను కొరికి రాసింది: "ఐ ఫైండ్ ఇట్ హార్డ్ టు సే నో టు పీపుల్ ఐ లైక్."