పెనుమూరు తోట దోవలో ఎనిమిదేళ్లు: పార్ట్ టైమ్ ఫోర్ బై ఫోర్, ఆల్ వీల్ డ్రైవ్

2017లో ఇసుజు వీ-క్రాస్ అనే ఫోర్ బై ఫోర్ పికప్ తీసుకున్నాను. ఇప్పటికి లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. మా బామ్మర్ది దగ్గర ఒక ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ ఉంది. మామిడి సీజన్‌లో అతనికి పికప్ కావాలి, మా ఇంట్లో పెద్దవాళ్లను ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే నాకు అతని బండి కావాలి. అలా మార్చుకుంటూ దాన్ని కూడా ఇరవై వేల కిలోమీటర్ల దాకా నడిపాను. "ఫోర్ బై ఫోర్ పికప్ ఉంటే వానలో ఘాట్ ఎక్కడానికి భయం ఉండదు కదన్నా" అని ఇప్పటికీ చాలామంది అడుగుతారు. ఆ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ఈ రెండు రకాల బళ్ల తేడా ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో పికప్ కొనాలంటే ఈ పోలిక సూటిగా కుదరదు. మన శ్రీసిటీలోనే తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ గానీ, 2022లో వచ్చిన టయోటా హైలక్స్ గానీ, రెండూ పార్ట్ టైమ్ రకమే, అంటే మామూలుగా రెండు చక్రాలతో నడుస్తూ, మనం కావాలనుకున్నప్పుడు మాత్రమే నాలుగింటికీ బలం అందేవి. అవసరాన్ని బట్టి బండే నాలుగు చక్రాలకూ బలం పంచుకునే ఆల్ వీల్ డ్రైవ్ పికప్ అంటే అమెరికాలో దొరికే హోండా రిడ్జ్‌లైన్ లాంటివి. అందుకే పికప్ పక్కన ఎస్‌యూవీని పెట్టి చెప్పాల్సి వస్తోంది. బాడీ వేరైనా ఆల్ వీల్ డ్రైవ్‌లో చక్రాలకు బలం అందే తీరు అదే.

నా బండిలో గేరు పక్కన ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది. దాని మీద 2హెచ్, 4హెచ్, 4ఎల్ అని ఉంటాయి. అంకె ఎన్ని చక్రాలకు బలం అందుతుందో చెబుతుంది, హెచ్ అంటే హై (మామూలు వేగం), ఎల్ అంటే లో (తక్కువ వేగం). మామూలుగా 2హెచ్‌లోనే నడుస్తుంది, అంటే వెనక చక్రాలు మాత్రమే తోస్తాయి. 4హెచ్ వేస్తే బలాన్ని ముందుకూ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్ట్‌ని, వెనక షాఫ్ట్‌ని ఒకదానికొకటి బిగించేస్తుంది. ఆ రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక మధ్యలో లేదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. బురదలో, ఇసుకలో అయితే ఏదో ఒక చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారే వీలే లేదు. ఆ ఒత్తిడంతా షాఫ్టుల్లో, గేర్లలో చేరుతుంది.

ఇది నాకు పుస్తకం చదివి తెలియలేదు. 2018లో తోట నుంచి వస్తూ 4హెచ్ తీయడం మర్చిపోయి చిత్తూరు దాకా వచ్చేశాను. పెట్రోల్ బంకులో తిప్పబోతే స్టీరింగ్ రాయిలా బిగిసింది. టైర్లు కిర్రుమంటున్నాయి, బండి చిన్న చిన్నగా ఎగురుతోంది. ముందు ఇరుసు పోయిందనే అనుకున్నాను. నాబ్ 2హెచ్‌కి తిప్పినా మీటర్లో లైటు మినుకుతూనే ఉంది తప్ప ఆరడం లేదు. డీజిల్ కోసం లైన్లో ఉన్న ఒక పెద్దాయన, లారీ డ్రైవరు, కిటికీ దగ్గరికొచ్చి "నేరుగా రివర్స్ కొట్టు నాయనా, తిప్పొద్దు" అన్నాడు. పది అడుగులు వెనక్కి వెళ్లానో లేదో కింద టక్కుమంది, లైటు ఆరిపోయింది. ఆ రోజు నుంచి తారు రోడ్డు ఎక్కేముందు నాబ్ చూసుకోవడం అలవాటైంది.

ఆల్ వీల్ డ్రైవ్‌లో ఈ బాధ లేదు. బామ్మర్ది బండి మామూలుగా ముందు చక్రాలతో నడుస్తుంది. అవి జారడం మొదలవ్వగానే వెనక ఉన్న క్లచ్ ప్లేట్ల కప్లింగ్ (వెనక చక్రాలను ముందు వాటితో కలిపే భాగం) బిగుసుకుని కొంత బలం వెనక్కి పంపుతుంది. డ్రైవర్ ఏమీ నొక్కక్కర్లేదు, తారు అయినా మట్టి అయినా తేడా లేదు. మా ఆవిడ కూడా ఆ బండిని నిశ్చింతగా నడుపుతుంది.

ఇప్పుడు ఘాట్ సంగతి. రెండేళ్ల కిందట పీలేరులో పని చూసుకుని తిరుపతి వైపు వస్తున్నాను. భాకరాపేట ఘాట్‌లో సన్నగా తుంపర. వెనక తొట్టి ఖాళీ. టైర్లు సగానికి పైగా అరిగి ఉన్నాయి. ఒక మలుపులో యాక్సిలరేటర్ కాస్త ముందుగా తొక్కాను, అంతే, వెనక భాగం పక్కకు జారింది. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి ఇప్పుడు ఇది రాయగలుగుతున్నాను. ఇలాంటి ఏ పికప్ అయినా అంతే. బరువు ఎక్కువగా ముందు ఇంజిన్ వైపే ఉంటుంది, తోసేవి వెనక చక్రాలు, వాటి మీద ఖాళీ తొట్టి తప్ప ఏమీ ఉండదు. జారే చక్రాన్ని తనంతట తానే అదుపు చేసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా నా మోడల్‌లో లేదు. 4హెచ్ వేసుకోవచ్చు కదా అంటారు. అక్కడక్కడా తడి, అక్కడక్కడా పొడి ఉన్న మెలికల రోడ్డులో వేస్తే బంకులో జరిగిందే మళ్లీ జరుగుతుంది. అంటే వాన పడిన తారు మీద నా ఫోర్ బై ఫోర్ మామూలు టూ వీల్ డ్రైవ్ బండే. అదే ఘాట్‌లో, అంతకన్నా పెద్ద వానలో, బామ్మర్ది బండి తోక కదల్చకుండా మలుపు తిరిగింది. ఈ విషయంలో ఆల్ వీల్ డ్రైవే మేలని ఒప్పుకుంటాను. బ్రేకు తొక్కాక మాత్రం రెండూ ఒకటే. నాలుగు చక్రాలకు బలం అందినంత మాత్రాన బండి తొందరగా ఆగదు.

మరి పికప్ ఎందుకు ఉంచుకున్నావంటే 2021 నవంబర్ గురించి చెప్పాలి. ఆ నెల వానలకు తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. మా తోటకు చివరి రెండు కిలోమీటర్లు మట్టి దోవ. చెరువు కట్ట దిగి, వంక దాటి, ఎర్రమట్టి ఎత్తు ఎక్కాలి. తోటలో కాపలా ఉండే కుటుంబానికి మూడు రోజులుగా బియ్యం, పాలు అందలేదు. ట్రాక్టర్ అప్పటికే ఆ ఎత్తులో దిగబడి ఉంది. వంకలో నీళ్లు మోకాలి కిందికి తగ్గేదాకా ఆగాం. నేను, బామ్మర్ది దిగి కర్రతో లోతు చూశాం.

"బావా, దీంట్లో పోతుందా?" అన్నాడు.

బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, 4ఎల్‌కి తిప్పాను. లోపల గేరు పడిన చప్పుడు వినిపించి, లైటు మినుకు ఆపి నిలబడేదాకా ఆగాను. 4ఎల్‌లో చక్రాలకు అందే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది, వేగం అంతే తగ్గుతుంది. రెండో గేరులో పెట్టి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు దాదాపు తీసేశాను. మనిషి నడిచేంత వేగంతో, ఇంజిన్ అదరకుండా, ఆ ఎత్తు మొత్తం ఎక్కేసింది. దిగేటప్పుడు మొదటి గేరులో వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచింది, బ్రేకు తొక్కే పనే పడలేదు. బురద దిగుడులో బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని బండి జారిపోతుంది కాబట్టి ఈ ఒక్క గుణం కోసమే నేను 4ఎల్‌ని వదులుకోలేను. బామ్మర్ది బండి లాంటి ఆల్ వీల్ డ్రైవ్ బళ్లలో ఎక్కువవాటికి ఈ లో రేంజ్ ఉండదు.

మరుసటి ఏడాది వేసవిలో స్వర్ణముఖి ఇసుకలో బామ్మర్ది బండి ఎంతవరకు వెళ్తుందో చూశాం. మొదటి యాభై గజాలు బాగానే లాగింది. తర్వాత చక్రాలు ఆగకుండా జారుతుంటే కప్లింగ్ వేడెక్కి, హెచ్చరిక లైటు వెలిగి, వెనక చక్రాలకు బలం అందడం ఆగిపోయింది. ముందు చక్రాలు గొయ్యి తవ్వుకుంటూ దిగిపోయాయి. అరగంట చల్లారనిచ్చి, నాలుగు టైర్లలో గాలి పద్దెనిమిది పీఎస్ఐకి దించితే బయటికొచ్చింది. ఇసుకలో నా బండికి కూడా మొదట చేసే పని గాలి దించడమే. నాబ్ సంగతి ఆ తర్వాత. ఈ ఒక్క పని తెలియక ట్రాక్టర్ పిలిపించుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇంకొకటి, షోరూంలో ఎవరూ చెప్పనిది. వంకలో మూలకు మూల చక్రాలు గాల్లోకి లేస్తే నా బండి కూడా కదలదు. ముందు ఒకటి, వెనక ఒకటి ఊరికే తిరుగుతాయి, నేల మీద ఉన్నవి నిలబడిపోతాయి. ఫోర్ బై ఫోర్ బిగించేది ముందు వెనక షాఫ్టులను మాత్రమే. ఎడమ కుడి చక్రాలను కలిపేది డిఫరెన్షియల్ లాక్. హైలక్స్‌లో వెనక లాక్ వస్తుంది, నా బండిలో లేదు. మీ దోవలో గుంతలు అలా ఉంటే లాక్ ఉందో లేదో చూసుకుని కొనండి.

ఖర్చు పెద్దగా లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్, ముందు డిఫరెన్షియల్ ఆయిల్ టైముకు మార్పిస్తాను. నెలకోసారి మట్టి దోవలో రెండు మూడు కిలోమీటర్లు 4హెచ్‌లో నడుపుతాను, లేకపోతే లోపలి భాగాలు బిగిసిపోతాయి. ఆల్ వీల్ డ్రైవ్‌లో టైర్ల విషయం ఇంకా జాగ్రత్త. ఒక టైరు కొత్తది, మిగతావి అరిగినవి వేస్తే టైర్ల చుట్టుకొలతలో తేడా వల్ల కప్లింగ్ రోజంతా పనిచేస్తూనే ఉంటుంది. బండి ఆగిపోతే చక్రాలు నేల మీద ఆనించి లాగించకూడదు, నాలుగూ పైకెత్తి తీసుకెళ్లే బండి పిలవాలి.

తోట, వంక, లోడు ఉన్నవాళ్లు పార్ట్ టైమ్ పికప్ తీసుకోండి, దానికి మరొకటి సాటి రాదు. పిల్లలతో, పెద్దవాళ్లతో తిరుపతి, మదనపల్లె, బెంగళూరు తిరిగేవాళ్లు, ఏడాదికి రెండుసార్లు ఊరి బురద చూసేవాళ్లు ఆల్ వీల్ డ్రైవ్ వైపు వెళ్లండి. ముచ్చట పడి పికప్ కొని వానలో ఘాట్ ఎక్కకండి.

నేనైతే ఘాట్‌లో జారిన ఆ వారమే అరిగిన టైర్లు మార్పించాను. కార్తీకం వానలు మొదలయ్యాక ఘాట్ వైపు వెళ్లాల్సి వస్తే తొట్టిలో వెనక ఇరుసుకు సరిగ్గా పైన మూడు ఇసుక బస్తాలు వేసి, కదలకుండా తాడుతో బిగించి బయల్దేరుతున్నాను. మైలేజీ కొంచెం తగ్గుతోంది. భాకరాపేట మలుపుల్లో వెనక చక్రాలు మాత్రం రోడ్డును పట్టుకునే ఉంటున్నాయి.