మాత్రల డబ్బా: ఆరేళ్ళ వాడకం తర్వాత

ప్లాస్టిక్ మాత్రల డబ్బాకు సమీక్ష ఏమిటని చదివేవారికి అనిపించవచ్చు. మనసు కొన్నాళ్ళు మితిమీరి ఉప్పొంగి, కొన్నాళ్ళు మరీ కుంగిపోయే బైపోలార్ రుగ్మతకు నేను పదిహేడేళ్ళుగా లిథియం వాడుతున్నాను, అందులో చివరి ఆరేళ్ళు ఈ డబ్బాతోనే గడిచాయి. మిక్సీ కొన్నవారు మిక్సీ గురించి, చీర కొన్నవారు చీర గురించి పేజీలకు పేజీలు రాస్తున్నప్పుడు, రోజుకు రెండుసార్లు నా చేతిలోకి వచ్చే వస్తువు గురించి నేను రాయడంలో తప్పేమీ లేదనుకుంటున్నాను.

అనంతపురం సాయినగర్‌లో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక మందుల దుకాణంలో 2019 జూన్‌లో మొదటిది కొన్నాను. ఏడు గదులు, 90 రూపాయలు. రోజుకు ఒకే గది కనుక పగటి మాత్రలూ రాత్రి మాత్రలూ కలిసిపోయేవి, రెండు నెలలకే దాన్ని పక్కన పెట్టేశాను. రెండవది పద్నాలుగు గదులది, పై వరుస పగటికి, కింది వరుస రాత్రికి, ధర 240 రూపాయలు. ఈ సమీక్ష దాని గురించే. కౌంటరు వెనక ఉన్న కుర్రవాడు డబ్బాను సంచిలో వేస్తూ "ఇది ముసలోళ్ళకు గదా మేడమ్" అన్నాడు. అప్పటికి నాకు నలభై ఏళ్ళు నిండలేదు.

మొదటి డబ్బా కొనడానికి ముందు నెలలో, అంటే 2019 మేలో, జరిగినది చెప్పకపోతే ఈ డబ్బా నాకెందుకు అవసరమైందో అర్థం కాదు. లిథియం అనేది ఆధునిక మానసిక వైద్యంలోకి 1949లో ఆస్ట్రేలియాకు చెందిన వైద్యుడు జాన్ కేడ్ పరిశీలనతో వచ్చిన మందు. సెల్‌ఫోన్ బ్యాటరీలో ఉండేదీ ఇదే మూలకమని మా బడిలో పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నాలో నేనే నవ్వుకుంటూ ఉంటాను. మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ కావడమే దీనితో ఉన్న చిక్కు. రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ వరకు ఉంటే సాధారణంగా సరిపోతుంది, 1.5 దాటితే విషలక్షణాలు కనబడవచ్చు. ఒంట్లో నీరు తగ్గినా, ఉప్పు బాగా తగ్గించినా మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. ఎండలు 40 డిగ్రీలు దాటే మే నెలలో, మంచినీళ్ళను లెక్కపెట్టుకుని వాడుకునే ఈ ఊళ్ళో, ఇది పుస్తకంలో చదివి వదిలేసే సంగతి కాదు.

ఆ మే నెలలో నాకు మోకాలి నొప్పి వచ్చింది. మా వీధిలోని ఒక దుకాణంలో అడిగితే డైక్లోఫినాక్ ఇచ్చారు. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ జాతి నొప్పి మాత్రలు లిథియం స్థాయిని పెంచుతాయని ఎన్నో ఏళ్ళ ముందే నాకు చెప్పారు, నొప్పి ముందు అది గుర్తుకు రాలేదు. దానికి తోడు ఆ వారంలో కనీసం రెండు రాత్రులు, వేసుకున్నానో లేదో తెలియక, మళ్ళీ వేసుకున్నాను. నాలుగో రోజుకు విరేచనాలు మొదలయ్యాయి, చేతిలో నీళ్ళ గ్లాసు నిలవలేదు, మాట ముద్దగా రావడం మా ఆయన గమనించి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. పరీక్షలో 1.7 వచ్చింది. లిథియం ఆపి, సెలైన్ ఎక్కించి, మూడు రోజులు ఉంచుకుని పంపించారు. మాత్ర మరిచిపోతే మరుసటి పూట రెండు కలిపి వేసుకోకూడదన్నది నాకు మొదటి నుంచీ తెలిసిన నియమమే. కానీ మరిచిపోయానో లేదో తెలియనప్పుడు ఏం చేయాలో ఆ నియమం చెప్పదు.

డబ్బా పనికొచ్చేది ఇక్కడే. మాత్ర గుర్తు చేయడానికి ఫోనులో అలారం చాలు, దానికి 240 రూపాయలు పెట్టనక్కర లేదు. పదిహేడేళ్ళుగా అదే గ్లాసుతో, అదే చోట నిలబడి, అదే తొమ్మిది గంటలకు మింగే మాత్రలో నిన్నటి గుక్కనూ ఇవాళ్టి గుక్కనూ వేరుచేసి గుర్తుంచుకోవడం ఎవరివల్లా కాదు. మూత తీసి చూస్తే గది ఖాళీగా ఉంటుంది, లేదా నిండుగా ఉంటుంది. ఆ ఒక్క జవాబు కోసమే నేను ఈ వస్తువుకు అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెబుతాను.

నేను ఊహించని ఉపయోగం ఇంకొకటి కలిగింది. ఈ జబ్బు ఉన్నవారి ఇళ్ళలో తెలిసిన మాటే: కొంచెం గట్టిగా నవ్వినా, కొంచెం ఎక్కువసేపు పడుకున్నా, ఎవరో ఒకరు "మాత్ర ఏసుకున్న్యావా?" అంటారు. పదో తరగతి మార్కుల జాబితాలో తప్పు దొర్లిందని బడిలో ఒకరితో వాదించి, ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకుంటున్న సాయంత్రం కూడా మా ఆయన మొదట అడిగిన ప్రశ్న అదే. తప్పు ఎవరిది, నా కోపంలో న్యాయం ఉందా అన్నవి ఆ తర్వాత, ఓపిక ఉంటే. ఆయన ప్రేమతోనే అడుగుతారని తెలుసు, అయినా పదకొండేళ్ళు అదే ప్రశ్నకు అదే జవాబు చెబుతూ ఉంటే మనిషికి తన కోపం మీద తనకే నమ్మకం పోతుంది. డబ్బా వచ్చాక ఆయన నన్ను అడగడం మానేసి డబ్బా వైపు చూడడం మొదలుపెట్టారు. గది ఖాళీగా కనబడితే ఇక ఆయనకు మిగిలింది నేను చెప్పేది వినడమే. ఈ మార్పు రావడానికి రెండు నెలలు కూడా పట్టలేదు.

అయితే ఖాళీ గది చెప్పేది మాత్ర అక్కడ లేదని మాత్రమే, మింగారని కాదు. మొదటి సంవత్సరాల్లో బోర్డు మీద రాస్తుంటే నా చేయి వణికి అక్షరాలు గీతలు తప్పేవి. పిల్లలు చూసి నవ్వుతున్నారన్న సిగ్గుతో కొన్ని వారాలు మాత్రలను దిండు గలీబులో దాచాను. ఆ రోజుల్లో ఈ డబ్బా ఉన్నా నన్ను ఆపగలిగేది కాదు. చేతి వణుకు గురించి డాక్టరుకు నోరు విప్పి చెప్పాక, ఆయన లిథియం మోతాదును కొద్దిగా తగ్గించి, వణుకు తగ్గించే ప్రొప్రనొలాల్ చేర్చాక, నా సుద్దముక్క మళ్ళీ గీత మీద నిలబడింది. మందు వద్దనుకుంటున్నవారికి డబ్బా కొనిపెట్టి ఊరుకోవడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకు వద్దనుకుంటున్నారో ముందు అడగాలి.

ఇక ఒక మార్కు తగ్గించిన కారణానికి వస్తాను. మూతల మీద రోజుల పేర్లకు ఇంగ్లీషు మొదటి అక్షరాలు మాత్రమే అచ్చువేశారు. ఆ లెక్కన మంగళవారానికీ గురువారానికీ టి, శనివారానికీ ఆదివారానికీ ఎస్. వారంలో నాలుగు రోజులను జంటలుగా కలిపేసే వస్తువును, రోజు గుర్తుండని మనుషుల కోసం తయారుచేశారు! పైగా ఆ అచ్చు నా చేతి చెమటకు ఏడాదిలోనే చెరిగిపోయింది. గోళ్ళరంగుతో తెలుగులో ఆ, సో, మం, బు, గు, శు, శ అని రాసుకుంటే, చివరి రెండింటి మధ్య తేడా రాత్రి వెలుతురులో తెలిసేది కాదు. మా అత్తగారికి చదువు రాదు. ఆమె సలహా మీద శనివారం మూతకు నామం, శుక్రవారానికి బొట్టు, సోమవారానికి మూడు విభూతి గీతలు పెట్టాను. ఇప్పుడు నాకంటే ఆమే ఆ మూతలను త్వరగా చదువుతారు. దీపం పెట్టడానికి వచ్చి, "ఏమ్మా, పొద్దుటిది ఇంకా ఉండాదే" అంటారు. దాన్ని ప్రశ్నగా కాక కబురుగా తీసుకోగలుగుతున్నాను.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది కూడా కొన్నాళ్ళు తేలలేదు. పిల్లలకు అందకూడదు, ఎందుకంటే ఈ మూతలను అయిదేళ్ళ పిల్లవాడు సులభంగా తీయగలడు. బీరువాలో పెడితే కంటికి కనబడదు, కనబడకపోతే డబ్బా కొన్నదే దండగ. ఫ్రిజ్ మీద వెనకవైపు నుంచి వేడి తగులుతుంది. వేసవిలో స్కూటరు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంచితే ఏమవుతుందో నేను చూశాను: ఒక మాత్ర పైపూత మెత్తబడి గది అడుగున అతుక్కుపోయింది. చివరికి దేవుని గూటికి పైన, దీపం వేడి తగలనంత ఎత్తులో ఉన్న అరలో స్థిరపడింది. ఇంటికొచ్చిన చుట్టాలు చూసి బీపీ మాత్రలేమో అనుకుంటారు. కాదని సరిదిద్దవలసిన అవసరం నాకు ఇంతవరకు కలగలేదు. మన ఇళ్ళలో మనసుకు వాడే ప్రతి మందునూ "నిద్రమాత్ర" అనే పిలుస్తారు కాబట్టి, బీపీ అనుకుంటే నాకు మేలే.

బీపీ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. నా డబ్బా చూసి మా అత్తగారు కూడా ఒకటి కావాలన్నారు. ఆమె బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు ఉంది. అది లిథియం వాడేవారి రక్తంలో లిథియాన్ని పెంచుతుంది. అచ్చం ఒకేలా ఉన్న రెండు డబ్బాలు ఒకే అరలో ఉండడం తెలివైన పని కాదని గ్రహించి, ఆమెకు నీలిరంగుది కొని వంటింట్లో పెట్టాము. నాది ఆకుపచ్చ.

అన్ని మందులూ ఇందులో వేయడానికి పనికిరావన్న సంగతి పెట్టె మీద ఎక్కడా రాయలేదు. ఇదే జబ్బుకు కొందరు వాడే సోడియం వాల్‌ప్రొయేట్ మాత్రలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి, వేసుకునే వరకు వాటిని రేకులోనే ఉంచాలి. మనసుకే వాడే ఇంకో మందు, నాలుక మీద కరిగే ఓలంజపిన్ మాత్రలదీ అదే దారి. ఇవి వాడేవారు రేకును మాత్ర చుట్టూ కత్తిరించి ఆ ముక్కతో సహా గదిలో వేసుకోవచ్చు, నా డబ్బా గదులు అందుకు సరిపోయేంత వెడల్పు ఉన్నాయి. కొన్ని డబ్బాలకు మాత్రను సగం చేసే బ్లేడు కూడా అమర్చి అమ్ముతున్నారు. పేరు చివర ఎస్‌ఆర్ అని ఉన్నవి మెల్లగా విడుదలయ్యే మాత్రలు, వాటిని నూరకూడదు, నమలకూడదు. డాక్టరు చెప్పనిదే ఆ బ్లేడు జోలికి పోవద్దు.

రేకును కత్తిరించడంలో ఇంకో ఇబ్బంది ఉంది. ప్రభుత్వాసుపత్రిలో మందులు తీసుకునేవారికి ఇది బాగా తెలుస్తుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక వైద్య మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకొని పై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రులన్నిటిలో ఎల్లవేళలా ఉచితంగా ఇవ్వాలి. లిథియం జాతీయ జాబితాలో ఉంది. అయితే అక్కడ లెక్కకు సరిపడా రేకును కత్తిరించి ఇచ్చిన ముక్కల మీద కొన్నిసార్లు పేరు ఉండదు, గడువు తేదీ ఉండదు. నేను డబ్బాలో ఒక వారానికే నింపి, తేదీ ఉన్న రేకు ముక్కను చివరి వరకు దాచుకుంటాను. రోజుకు ఒక గది చొప్పున నాలుగు వారాలకు సరిపోయే 28 గదుల డబ్బాలూ దొరుకుతున్నాయి. మోతాదు మారితే నింపినదంతా మళ్ళీ ఏరవలసి వస్తుంది కనుక వాటిని నేను సిఫారసు చేయను.

రక్తపరీక్ష రోజున మాత్రం ఇది బాగా అక్కరకు వచ్చింది. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, ఆ పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. నిద్రమత్తులో అలవాటుగా మింగేసి ల్యాబు దాకా వెళ్ళి తిరిగి వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు ఆ పొద్దుటి గదిలో మాత్రల మీద మడతపెట్టిన చిన్న కాగితం ఉంచుతాను. దాని మీద "రక్తం" అని మాత్రమే రాసి ఉంటుంది. లిథియంతో పాటు ఆరు నెలలకొకసారి థైరాయిడు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించుకోవాలన్నది మూత వెనక రాసుకున్నాను. దాని పక్కనే ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది.

వరుసగా మాత్రలు తీయకుండా మిగిలిపోయిన గదులను లెక్కపెట్టి డాక్టరుకు చెప్పగలగడం కూడా చిన్న విషయం కాదు. క్లోజపిన్ అనే మానసిక వైద్య మందు వాడేవారు రెండు రోజులకు మించి మానితే పాత మోతాదుకు నేరుగా తిరిగి వెళ్ళకూడదు, తక్కువ నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. అటువంటివారి ఇంట్లో "మొన్నో అటు మొన్నో" అనే జవాబు చాలదు.

ప్రయాణంలో ఈ డబ్బా గలగలమంటుంది. కళ్యాణదుర్గం బస్సులో నా సంచి చప్పుడుకు పక్కనున్నామె రెండుసార్లు తిరిగి చూసింది. గదుల్లో కాస్త దూది పెడితే సరిపోతుంది. అతుకులు బలహీనం: బుధవారం రాత్రి మూత కిందటి ఏడాది విరిగింది, ప్లాస్టరు అంటించి వాడుతున్నాను. మొన్న అదే దుకాణానికి కొత్తది చూడడానికి వెళ్తే ఇప్పుడు 310 రూపాయలన్నారు. రంగులు పెరిగాయి కానీ, టి రెండు, ఎస్ రెండు అలాగే ఉన్నాయి. ఇంట్లో గోళ్ళరంగు సీసా ఎండిపోయింది, అదీ ఒకటి కొనుక్కుని వచ్చాను.