ఈరీ సరస్సు ఒడ్డున ఫాల్ సీజన్: క్లీవ్‌లాండ్ ఫోర్‌కాస్ట్ డిస్కషన్‌పై నా రివ్యూ

మేముండేది ఒహాయోలో, క్లీవ్‌లాండ్‌కి తూర్పున మెంటార్ ఊళ్లో. సెప్టెంబర్ సగం దాటి ఫాల్ (ఆకులు రాలే కాలం) వచ్చిందంటే మా కుటుంబంలో ముగ్గురికి మూడు రకాల టెన్షన్ మొదలవుతుంది. నాకు పెరట్లో గోంగూర, కుండీలో కరివేపాకు. మా తోడల్లుడికి చిన్న బోటు ఉంది, శనివారం వస్తే వాల్‌ఐ చేపల వేటకి వెళ్లాలి. మా పెద్దమ్మాయి విమానం నడపడం నేర్చుకుంటోంది. ముగ్గురం చదివేది మాత్రం ఒకటే: అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్ క్లీవ్‌లాండ్ ఆఫీసు రాసే 'ఏరియా ఫోర్‌కాస్ట్ డిస్కషన్'.

ఇందులో ఎండ బొమ్మలు, వాన బొమ్మలు ఉండవు. ప్రకటనలు లేవు, పైసా కట్టక్కర్లేదు. డ్యూటీలో ఉన్న ఫోర్‌కాస్టర్ రాబోయే వారం ఎలా ఉంటుందనుకుంటున్నారో, ఎందుకలా అనుకుంటున్నారో రాస్తారు. ముందు నేల మీద సంగతి, తర్వాత విమానాలకి, ఆ తర్వాత సరస్సు మీదికి వెళ్లేవాళ్లకి. ఎక్కడ నమ్మకం తక్కువగా ఉందో అది కూడా దాచకుండా చెప్తారు. నాకు ఈ సర్వీసు మీద గౌరవం కలిగింది అక్కడే.

దీని విలువ నాకు తెలిసింది గోంగూర పోయాక. ఒక ఏడాది అక్టోబర్‌లో ఫోన్‌లోని ఒక యాప్ ఆ రాత్రికి 36 డిగ్రీలు అని చూపించింది (ఇక్కడంతా ఫారన్‌హీట్). నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర కదా, పరవాలేదులే అని పడుకున్నాను. తెల్లారి చూస్తే ఆకులన్నీ మరిగే నీళ్లు పోసినట్టు వాలిపోయి ఉన్నాయి. ఎండెక్కేసరికి నల్లబడ్డాయి. మే నెల నుంచి పెంచుకున్న మడి అది. తర్వాత తెలుసుకున్నదేమిటంటే, ఉష్ణోగ్రత కొలిచేది నేలకి దాదాపు ఆరడుగుల ఎత్తున. మబ్బు లేకుండా, గాలి కదలని రాత్రి నేలకి దగ్గరగా ఉన్న ఆకు అంతకంటే బాగా చల్లబడిపోతుంది. ఆ తేడా యాప్ చూపించే అంకెలో కనపడదు. డిస్కషన్‌లో అయితే మబ్బు ఎప్పుడు విడిపోతుందో, గాలి ఎప్పుడు పడిపోతుందో, సరస్సుకి దూరంగా ఉన్న పల్లపు చోట్ల ఎంత చలి దిగుతుందో చదువుకోవచ్చు. మనవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఒకసారి గట్టిగా చలి పడి పంటల సీజన్ అయిపోయిందనుకున్నాక, ఆ ప్రాంతానికి ఫ్రాస్ట్ (ఆకుల మీద పేరుకునే మంచు) హెచ్చరికలు ఇవ్వడం ఆపేస్తారు. హెచ్చరిక రాలేదు కదా అని కరివేపాకు కుండీ బయట వదిలేయకండి.

ఒడ్డుకి దగ్గరగా ఉన్నవాళ్లకి కొంత వెసులుబాటు ఉంటుంది. ఎండాకాలమంతా వేడెక్కిన సరస్సు ఫాల్‌లో మెల్లగా చల్లారుతుంది కాబట్టి, తీరం వెంబడి ఫ్రాస్ట్ ఆలస్యంగా వస్తుంది. ఇక్కడి నుంచి పెన్సిల్వేనియా మీదుగా న్యూయార్క్ దాకా సరస్సు పక్కనే కాంకర్డ్ ద్రాక్ష తోటలు ఉన్నాయంటే అదో ముఖ్య కారణం.

ఇక సరస్సు సంగతి. ఈరీ సగటు లోతు 62 అడుగులే, ఇక్కడి అయిదు మహా సరస్సుల్లో (గ్రేట్ లేక్స్) ఇదే తక్కువ లోతు. అందుకే అలలు తొందరగా లేస్తాయి, దగ్గరదగ్గరగా, నిటారుగా వస్తాయి. మొన్న అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున్న మా ఒడ్డున నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. "అన్నయ్యా, ఇంత బాగుంటే ఇంట్లో కూర్చోమంటావేంటి?" అన్నాడు తోడల్లుడు. డిస్కషన్ తీసి చూపించాను. మాది దక్షిణపు ఒడ్డు. గాలి దక్షిణం నుంచి, అంటే నేల మీద నుంచి నీళ్ల మీదికి వీస్తున్నంతసేపు ఒడ్డు పక్కన అల లేవదు. మధ్యాహ్నం కోల్డ్ ఫ్రంట్ (ముందుకి తోసుకొచ్చే చల్లగాలి అంచు) దాటగానే గాలి వాయవ్యానికి తిరుగుతుందని, అలలు నాలుగడుగులు దాటుతాయని, చిన్న పడవలకి 'స్మాల్ క్రాఫ్ట్ అడ్వైజరీ' అని రాసి ఉంది. రాత్రి రాసినదానికంటే పొద్దున రాసినదాంట్లో ఫ్రంట్ రెండు గంటలు ముందుకి జరిగింది కూడా. ఏడింటికి వెళ్లి పదింటికల్లా వచ్చేశాం. రెండే చేపలు. ఒంటిగంటకి పార్కింగ్ లాట్‌లో నిలబడి చూస్తుంటే అలల్ని ఆపడానికి కట్టిన బ్రేక్‌వాటర్ రాళ్ల మీది నుంచి నీళ్లు ఎగిరిపడుతున్నాయి. ఆ సాయంత్రం పులుసు తింటూ తోడల్లుడు ఆ మాటే రెండుసార్లు ఎత్తాడు.

నేను పెరిగింది కాకినాడలో. రేవులో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో రేడియోలో విని, తర్వాతే పెద్దవాళ్లు వేట మాట మాట్లాడేవారు. ఇక్కడి వ్యవస్థ కూడా పడవలు మునిగిన బాధలోంచి పుట్టిందే. గ్రేట్ లేక్స్‌లో ఓడలు పోతున్నాయని మిల్వాకీకి చెందిన ఇంక్రీజ్ లాఫమ్ లెక్కలు కట్టి ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చాడు. 1870లో వాతావరణ సంస్థ మొదలైంది, ఆ నవంబర్ 8న మొదటి తుఫాను హెచ్చరిక ఇచ్చింది ఆయనే. 1975 నవంబర్ 10న సుపీరియర్ సరస్సులో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ 29 మందితో మునిగిపోయిందంటే, నవంబర్ గాలులు ఎలాంటివో అర్థమవుతుంది.

విమానాల పేరా నాకు అమ్మాయి నేర్పింది. టైమ్ అంతా 'జూలూ'లో, అంటే గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటుంది. నవంబర్ మొదటి ఆదివారం దాకా అందులోంచి నాలుగు గంటలు తీసెయ్యాలి, ఆ తర్వాత అయిదు. పోయిన ఫాల్‌లో తను మాకు తూర్పున, పెన్సిల్వేనియాలో ఉన్న ఈరీ ఊరి ఎయిర్‌పోర్ట్‌కి ఒంటరిగా వెళ్లి రావాలి. మా పెరట్లో ఎండ కాస్తోంది. కానీ చల్లగాలి వెచ్చటి సరస్సు మీదుగా వచ్చి తూర్పు వైపు మబ్బు కడుతుందని, మబ్బు అడుగు రెండు వేల అడుగుల్లోనే ఉంటుందని, సాయంత్రం దాకా విడదని అందులో ఉంది. "నాన్నా, పడమర టొలీడో వైపు బాగుంది, ఈరీ వైపు ఇవాళ వద్దు" అంది. ఇరవై ఏళ్ల పిల్ల ఆ మాట తనంతట తను అనగలిగితే తండ్రికి ఎంత ధైర్యమో చెప్పలేను.

కొత్తవాళ్లకి మొదటి నెల కష్టంగానే ఉంటుంది. సంక్షిప్త పదాలు ఎక్కువ. చాలావాటి మీద నొక్కితే అర్థం వస్తుంది, ఓపిక పట్టండి. చల్లగాలి సరస్సు మీదుగా వచ్చి కురిపించే మంచు ఎక్కడ పడుతుందో చెప్పడం ఎవరికైనా కష్టమే, ఆ మబ్బు పట్టీ అంత సన్నగా ఉంటుంది మరి. 2022 నవంబర్‌లో బఫెలో పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో 80 అంగుళాలు పడితే, కాస్త ఉత్తరానికి వెళ్తే అందులో చాలా తక్కువ. అదే సంస్థ విడిగా మూడు నెలల ఔట్‌లుక్ మ్యాపులు కూడా ఇస్తుంది కానీ, వాటిని చూసి ఫలానా రోజు పెళ్లి ముహూర్తానికి టెంట్ వెయ్యొచ్చా అని అడగకండి. వెచ్చన, మామూలు, చలి మూడింటికీ సమానంగా 33 శాతం అనుకుంటే, మామూలు కంటే వెచ్చగా ఉండే అవకాశం 33కి బదులు 40 శాతం అంటుందంతే.

నా రేటింగ్ అయిదుకి అయిదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, పొద్దున బయల్దేరే ముందు ఇంకోసారి చదవండి. ఈలోగా డ్యూటీ మారి ఉంటుంది, రాసిన మనిషి మారి ఉంటారు, కొన్నిసార్లు మాట కూడా మారుతుంది.