ఎల్ఎం358 ఆప్-యాంప్: ఏళ్ళ తరబడి వాడాక నా రివ్యూ

బోరు మోటార్ల స్టార్టర్ బాక్సుల్లో పెట్టే కంట్రోల్ బోర్డులు డిజైన్ చేయడం నా పని, డ్రై రన్ ప్రొటెక్షన్ (నీళ్ళు లేకుండా మోటర్ తిరగకుండా ఆపడం), ఓవర్‌లోడ్, మొబైల్ నుంచి ఆన్ ఆఫ్, ఇలాంటివి. వీటిలో కరెంట్ కొలిచే భాగంలో మొదట్నుంచీ ఎల్ఎం358 ఆప్-యాంప్ (చిన్న వోల్టేజీని పెంచి ఇచ్చే చిప్, ఒక్కోదాంట్లో రెండు ఛానెళ్ళు) వాడుతూనే ఉన్నా, మధ్యలో వేరేవి పెట్టి చూశా, మళ్ళీ దీని దగ్గరికే వచ్చా, కొన్ని చోట్ల మాత్రం పూర్తిగా తీసేశా. కోఠీ గుజరాతీ గల్లీలో ఏ షాపులో అడిగినా దొరుకుతుంది, రేటు పది రూపాయలకి అటూ ఇటూ, అందుకే దీని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు, తీసుకొచ్చి పెట్టేస్తారు. ఆలోచించే పెట్టాలి అంటాను నేను. దాని హద్దుల్లో వాడితే ఎన్నేళ్ళయినా చెక్కుచెదరదు, హద్దు దాటితే చాలాసార్లు కాలిపోదు, వేడెక్కదు, చెప్పాపెట్టకుండా తప్పు రీడింగ్ ఇస్తుంది, అదే ప్రమాదం.

ముందు మంచి చెప్తా. ఇది నేషనల్ సెమీకండక్టర్ వాళ్ళ 1970ల నాటి డిజైన్, 2011లో ఆ కంపెనీని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొనేసింది, ఇప్పుడు చాలా కంపెనీలు ఇదే చిప్ చేస్తున్నాయి. కాలేజీ ఐసీ అప్లికేషన్స్ ల్యాబ్‌లో మనందరం 741 అనే పాత ఆప్-యాంప్‌తో, ప్లస్ మైనస్ 15 వోల్టులతో నేర్చుకున్నాం కదా, ఫీల్డులో మైనస్ సప్లై ఎవరిస్తారు. 358కి 3 నుంచి 32 వోల్టుల దాకా సింగిల్ సప్లై చాలు, ఇన్‌పుట్ స్టేజ్ పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లతో ఉంది కాబట్టి ఇన్‌పుట్ గ్రౌండ్ దగ్గరున్నా సరిగ్గా పనిచేస్తుంది. గ్రౌండ్ వైపు షంట్ (కరెంట్‌ని చిన్న వోల్టేజీగా చూపే చిన్న రెసిస్టర్) పెట్టి డీసీ కరెంట్ కొలవాలంటే ఇంతకంటే తేలిక లేదు.

పై వైపు మాత్రం కథ వేరు. అవుట్‌పుట్ సప్లై కంటే వోల్టున్నర కిందే ఆగిపోతుంది, ఇన్‌పుట్ కూడా అంతే. 5 వోల్టులిస్తే అవుట్‌పుట్ 3.5 దాకా, అదే 3.3 వోల్టుల మీద నడిపితే 1.8 దగ్గరే ఆగుతుంది. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ పక్కన 3.3 లైన్ ఉంది కదా అని దానికే తగిలించిన బోర్డులు నా దగ్గరికి రిపేరుకి వస్తూనే ఉంటాయి, ఓవర్‌లోడ్ ఎంత పెరిగినా రీడింగ్ ఒక చోట ఇరుక్కుని ఉంటుంది, వాళ్ళేమో ప్రోగ్రాంలో వెతుకుతుంటారు. 5 వోల్టులో 12 వోల్టులో ఇవ్వండి, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) ముందు రెసిస్టర్ డివైడర్ పెట్టుకోండి, అయిపోతుంది.

కింది వైపు కూడా ఒక మెలిక ఉంది. అవుట్‌పుట్ గ్రౌండ్ దాకా వస్తుంది అని డేటాషీట్ చెప్పేది నిజమే, కానీ లోడ్ గ్రౌండ్‌కి ఉన్నప్పుడు. బయటి నుంచి అవుట్‌పుట్‌లోకి కరెంట్ వస్తుంటే, అంటే ఎవరైనా 5 వోల్టులకి 10కే పులప్ (పైకి లాగే 10 కిలోఓమ్ రెసిస్టర్) పెడితే, లోపలున్న 50 మైక్రోయాంప్ సింక్ (కరెంట్‌ని గ్రౌండ్‌కి లాగే భాగం) దాన్ని లాగలేదు, అవుట్‌పుట్ 0.6, 0.7 వోల్టుల దగ్గరే వేలాడుతుంది.

ఇక ఆఫ్‌సెట్, అంటే ఇన్‌పుట్ దగ్గర చిప్ తనంతట తాను కలిపే తప్పు వోల్టేజీ. డేటాషీట్‌లో టిపికల్ 2 మిల్లీవోల్టులు అని ఉంటుంది, మ్యాక్సిమమ్ 7, డిజైన్ ఎప్పుడూ ఆ 7 మీదే చేయాలి. 10 మిల్లీఓమ్ షంట్‌లో 5 యాంప్స్ పోతే వచ్చేది 50 మిల్లీవోల్టులు, అందులో 7 ఆఫ్‌సెట్ అంటే 14 శాతం, కరెంట్ లెక్కలో 0.7 యాంప్. సున్నా కరెంట్ దగ్గర కాలిబ్రేట్ చేసి తీసేయొచ్చు నిజమే, అయితే ఆఫ్‌సెట్ మైనస్ వైపు ఉన్న పీసుల్లో అవుట్‌పుట్ సున్నా కంటే కిందికి పోలేదు కాబట్టి ఆ కాలిబ్రేషన్ పట్టదు, చిన్న కరెంట్లు అసలు కనిపించవు. అందుకే నేను ఇన్‌పుట్‌కి చిన్న పాజిటివ్ బయాస్ (స్థిరమైన వోల్టేజీ) ఇచ్చి ఆ తర్వాతే సున్నా పట్టిస్తా.

అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి సీటీతో (ఏసీ కరెంట్ కొలవడానికి వాడే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) వచ్చింది, అది కాస్త వివరంగా చెప్తా. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటర్ సుమారు 7.5 యాంప్స్ తీసుకుంటుంది, 1000:1 సీటీ, 100 ఓమ్ బర్డెన్ (సీటీ కరెంట్‌ని వోల్టేజీగా మార్చే రెసిస్టర్) వేస్తే 0.75 వోల్ట్ ఆర్‌ఎంఎస్, పీక్ ఒక వోల్ట్ పైన. సీటీ ఒక కాలిని 1.5 వోల్టుల బయాస్ మీద కూర్చోబెడితే సిగ్నల్ మొత్తం చక్కగా గ్రౌండ్‌కి పైనే ఉంటుంది. కానీ మోటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంట్ ఐదారు రెట్లు పోతుంది, అప్పుడు నెగటివ్ పీక్ గ్రౌండ్ కిందికి దిగి ఇన్‌పుట్‌ని తొక్కేస్తుంది. మైనస్ 0.3 వోల్ట్ దాటితే ఈ చిప్ లోపల దొంగ ట్రాన్సిస్టర్ (డిజైన్‌లో పెట్టకపోయినా తయారయ్యేది) ఒకటి ఆన్ అయ్యి అవుట్‌పుట్ సప్లై వైపు ఎగిరిపోతుంది, ఆ ఛానెల్ ఒక్కటే కాదు, పక్క ఛానెల్ కూడా చెడొచ్చు. ఆర్ ఫేజ్ స్టార్టింగ్ కరెంట్‌కి బీ ఫేజ్ రీడింగ్ ఎందుకు గెంతుతోందో ఆసిలోస్కోప్‌లో రెండు అవుట్‌పుట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ అర్థం కాదు. 1ఎన్4148 డయోడ్‌ని క్లాంప్‌గా (వోల్టేజీ కిందికి పోకుండా పట్టి ఆపడానికి) పెడితే పనికిరాదు, అది ఆన్ అయ్యేలోపే చిప్ ఆన్ అవుతుంది. బీఏటీ54 లాంటి షాట్కీ డయోడ్ గ్రౌండ్‌కి, దాని ముందు సిరీస్‌లో 22కే, ఇది పెట్టాక ఆ గొడవ మళ్ళీ రాలేదు. ఆ 22కే వల్ల ఇన్‌పుట్ బయాస్ కరెంట్‌కి (ఇన్‌పుట్ కాలి గుండా పోయే చిన్న కరెంట్) వచ్చే తేడా, టిపికల్ 45 నానోయాంప్ లెక్కన, ఒక మిల్లీవోల్టే.

మొబైల్ స్టార్టర్లలో ఇంకోటి. జీఎస్ఎం మోడెమ్ ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు సెకనుకి 217 సార్లు బర్స్టులు కొడుతుంది, ఒక్కో బర్స్ట్‌కి 2 యాంప్స్ దాకా లాగుతుంది, దానికి తోడు ఆ ఆర్‌ఎఫ్‌ని (రేడియో సిగ్నల్‌ని) 358 ఇన్‌పుట్ ట్రాన్సిస్టర్లు డయోడ్‌లా రెక్టిఫై చేసి డీసీగా మార్చేస్తాయి. రైతు ఫోన్ చేసి మోటర్ ఆన్ చేస్తాడు, కాల్ నడుస్తుండగానే కరెంట్ రీడింగ్ పక్కకి జరుగుతుంది, నీళ్ళు పుష్కలంగా ఉన్నా డ్రై రన్ అని మోటర్ ఆగిపోతుంది, ఆయన పొలం దాకా మళ్ళీ నడిచి రావాలి. ఇన్‌పుట్ కాలికి ఆనుకుని 1 నానోఫారడ్ కెపాసిటర్, యాంటెన్నాని బోర్డుకి రెండో మూలకి, మోడెమ్ సప్లై ట్రాక్ విడిగా, మైనస్ ఇన్‌పుట్ ట్రాక్ వీలైనంత పొట్టిగా, ఈ నాలుగూ కలిపి చేస్తేనే తగ్గింది, ఏ ఒక్కటీ చాలలేదు.

ఆడియోకి వాడేవాళ్ళకి ఒక మాట. కాల్‌లో తెలుగు వాయిస్ వినిపించే బోర్డులో దీన్నే వాడితే గొంతు గరగరమంటుంది, సైన్ వేవ్ ఇచ్చి స్కోప్‌లో చూస్తే వేవ్ మధ్యలో చిన్న మెట్టు కనిపిస్తుంది, అది క్రాసోవర్ డిస్టార్షన్, అవుట్‌పుట్‌లో ఒక ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి మారే చోట వచ్చే లోపం. కెపాసిటర్ కప్లింగ్ ఉన్నప్పుడు అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 4.7కే రెసిస్టర్ పెట్టండి, ఆ మెట్టు పోతుంది. అయినా స్లూ రేట్ (అవుట్‌పుట్ మారగల వేగం) మైక్రోసెకనుకి 0.3 వోల్ట్, 10 వోల్టుల పీక్ సైన్ వేవ్ 4.8 కిలోహెర్ట్జ్ దాటితే త్రికోణంలా మారుతుంది, కాబట్టి నిజమైన ఆడియో పనికి ఎన్ఈ5532 ఆప్-యాంప్ తీసుకోండి.

నేను తీసేసిన చోట్లు రెండే. 3.3 వోల్టుల బ్యాటరీ బోర్డుల్లో ఎంసీపీ6002 పెట్టా, రైల్ టు రైల్ (అవుట్‌పుట్ సప్లై అంచుల దాకా వెళ్ళేది) కాబట్టి హాయిగా ఉంది, సప్లై మాత్రం 6 వోల్టులు దాటకూడదు. తూకం బోర్డుల్లో లోడ్ సెల్ (బరువు కొలిచే సెన్సర్) పూర్తి స్థాయిలో ఇచ్చేదే 10 మిల్లీవోల్టులైతే, 7 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉన్న చిప్ అక్కడ పెట్టడం అన్యాయం.

కొత్త బోర్డులకి ఇప్పుడు టీఐ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్) వాళ్ళ ఎల్ఎం358బీ తెప్పిస్తున్నా. ఆఫ్‌సెట్ మ్యాక్సిమమ్ 3 మిల్లీవోల్టులు, ఆర్‌ఎఫ్ ఫిల్టర్ లోపలే ఉంది, పిన్నులు అవే, పాత బోర్డులో అలాగే కూర్చుంటుంది. రేటు కొంచెం ఎక్కువ, నాకు మాత్రం గిట్టుబాటే. షాట్కీ డయోడ్లు, ఇన్‌పుట్ కెపాసిటర్లు అలాగే ఉంచా. రెండో ఛానెల్ వాడకపోతే గాల్లో వదలకండి, 6, 7 పిన్నులు కలిపేసి 5వ పిన్నుని సప్లై సగం దగ్గర కట్టండి, 8వ పిన్ను పక్కనే 100 నానోఫారడ్ తప్పనిసరి.