మూడు డయళ్లతో కొండ నుంచి రేవు దాకా

పాతకాలపు రూపంలో వచ్చే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని డిజిటల్) కెమెరాను దుకాణంలో ఐదు నిమిషాలు చేతిలో పట్టుకుంటే అది నచ్చకుండా ఉండదు. వెండిరంగు పైకప్పు, అంచున గాట్లున్న డయళ్లు, తోలును పోలిన తొడుగు, ఇవన్నీ మనిషిని లొంగదీయడానికే పుట్టాయి. మంచులో, ఎండలో, కదిలే బండిలో అదెలా ప్రవర్తిస్తుందో మాత్రం దుకాణంలో తెలియదు. అందుకే కొనే ముందు అద్దెకు తీసుకుని ఒక యాత్ర చేశాం. అన్నయ్య, వదిన, నేను. ముందు కొండ ఊరు, తర్వాత రాత్రి రైలు, చివరికి రేవు పట్టణం. అద్దెకు తెచ్చినవి ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ5, ఎక్స్100వీఐ, నికాన్ జడ్ఎఫ్. వదిన చేతిలో తన సొంత నికాన్ జడ్ఎఫ్‌సీ ఉంది.

అద్దె సంస్థ గురించి ముందే చెప్పేస్తాను. కెమెరాలు శుభ్రంగా ఇచ్చారు, లోపల వెలుగును పట్టే సెన్సర్ల మీద ధూళి లేదు. బ్యాటరీలు మాత్రం బాగా వాడి అరిగినవి. పైగా అంతకుముందు వాడినవాళ్ల సెట్టింగులు అలాగే వదిలేశారు. డయల్ మీద ఒక అంకె కనిపిస్తుంటే లోపల మెనూ మరొకటి చేస్తోంది. ఈ తరహా కెమెరాను అద్దెకు తీసుకుంటే గడప దాటకముందే పిల్లాడి చొక్కా సర్దినట్టు, కౌంటర్ దాటకముందే మెనూను మొత్తం రీసెట్ చేసుకోవాలి. విమానంలో వెళ్లేవాళ్లు విడి బ్యాటరీలను చేతిసంచిలోనే పెట్టుకోవాలి, సామాన్ల పెట్టెలో వేస్తే ఒప్పుకోరు.

కొండ మీద రెండు చోట్ల బస చేశాం. పై బసలో కిటికీ తెరిస్తే లోయ మొత్తం కనిపిస్తుంది, కానీ గదిలో చెమ్మ, మంచం దగ్గర ఒకే ఒక్క ప్లగ్గు. కెమెరాలన్నీ యూఎస్‌బీ-సీ తీగతో చార్జ్ అవుతాయి కాబట్టి నెట్టుకొచ్చాం. కింది బస చూడటానికి సాదాసీదాగా ఉన్నా వరండా తూర్పుకు తిరిగి ఉంది. ఫొటోల కోసం వెళ్లేవాళ్లకు నేను రెండోదే చెబుతాను. గదిలోంచి కనిపించే లోయను అందరూ ఒకే కోణంలో తీస్తారు. వరండాలో కూర్చుంటే వెలుగు ఎటు నుంచి వస్తుందో ముందే తెలుస్తుంది, ఏ మెట్టు దగ్గర నిలబడాలో తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఎక్స్-టీ5 నాకు నచ్చింది ఆ వరండాలోనే. 2022లో వచ్చిన ఈ కెమెరాలో ఎడమవైపు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంతగా స్పందించాలో) డయల్, కుడివైపు షట్టర్ స్పీడు (వెలుగును ఎంతసేపు లోపలికి రానివ్వాలో) డయల్, దాని పక్కనే ఎక్స్‌పోజర్ సవరణ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో) డయల్ ఉంటాయి. అపెర్చర్, అంటే లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకెలు, లెన్సు చుట్టూ ఉన్న రింగు మీదే ఉంటాయి. అంటే కెమెరా ఆన్ చేయకుండానే, కిందికి చూసి, నాలుగు నిర్ణయాలూ చదవొచ్చు, మార్చొచ్చు. తెల్లవారుజామున మంచు కమ్మితే వెలుగును కొలిచే కెమెరా మీటరు ఆ తెల్లదనాన్ని బూడిదరంగుగా మార్చాలని చూస్తుంది. కాబట్టి సవరణ డయల్‌ను ప్లస్ ఒకటి దగ్గరికి తిప్పి ఉంచి, మేఘం చెట్ల మీదికి దిగేదాకా ఎదురుచూశాను. ఆన్ చేసి కంటికి ఆనించాక ఇక ఫోకస్ తప్ప చేయాల్సిందేమీ లేదు. నా వరకు ఈ కెమెరాల ఆనందమంతా ఇక్కడే ఉంది, రూపంలో లేదు. షట్టర్‌నూ అపెర్చర్‌నూ ‘ఏ’ గుర్తు దగ్గర వదిలేస్తే రెంటినీ కెమెరాయే చూసుకుంటుంది. ఒక్కదాన్ని కదిపితే ఆ ఒక్కటి మన చేతికి వస్తుంది. మోడ్‌ల డయల్ అనేదే అక్కర్లేదు.

అదే వరండాలో అన్నయ్య జడ్ఎఫ్‌తో ఇబ్బంది పడ్డాడు. 2023లో వచ్చిన జడ్ఎఫ్‌ను చూస్తే 1982 నాటి నికాన్ ఫిల్మ్ కెమెరా ఎఫ్ఎం2 కళ్లముందు నిలుస్తుంది. డయళ్లు ఇత్తడివి, తిప్పినప్పుడు వేళ్లకు తగిలే బిగువు మిగతా అన్నిటికంటే బాగుంది. అయితే నికాన్ కొత్త జడ్ లెన్సుల్లో చాలావాటికి అంకెలు చెక్కిన అపెర్చర్ రింగు ఉండదు. ఆ అంకె పైనున్న చిన్న గాజుకిటికీలో కనిపిస్తుంది, చక్రంతో మార్చాలి. అపెర్చర్ మనం ఎంచుకునే మోడ్‌లో పెడితే అంత అందమైన షట్టర్ డయల్ ఊరికే కూర్చుంటుంది, ఎంత తిప్పినా ఏమీ కాదు. “నగ పెట్టుకున్నట్టుంది గానీ పని చేస్తున్నట్టు లేదు” అన్నాడు అన్నయ్య. దానికి తోడు బ్యాటరీ, కార్డుతో కలిపి 710 గ్రాములు. ఎక్స్-టీ5 557 గ్రాములే. జడ్ఎఫ్‌కు ముందువైపు పట్టు సరిగా లేదు కాబట్టి ఏటవాలు దారిలో ఆ తేడా వేళ్లకు తెలుస్తుంది. మెమరీ కార్డులు రెండూ కిందనున్న బ్యాటరీ అరలోనే ఉంటాయి. ట్రైపాడ్ మీద బిగించాక కార్డు మార్చాలంటే అంతా విప్పాలి. ఈ ఏర్పాటు ఎవరికి తోచిందో మరి!

రాత్రి రైలు ఎక్కేసరికి అన్నయ్య ముఖం వెలిగింది. జడ్ఎఫ్‌లోని పెద్ద సెన్సర్ మసక వెలుతురులో తన సత్తా చూపించింది. షట్టర్ డయల్ కింద ఉన్న మీటను ఒక్కసారి జరిపితే దృశ్యమంతా నలుపు తెలుపుల్లోకి మారిపోతుంది. బోగీలోని పసుపు దీపాల రంగు గొడవ అక్కడితో తీరిపోయింది. ఎక్స్-టీ5లో చేతి వణుకును ఏడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపో సగమో అవుతుంది) వరకు సరిదిద్దే ఏర్పాటు ఉందంటారు, నిజంగానే పనిచేస్తుంది. కానీ అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటి బెర్తులో పక్కకు దొర్లే మనిషిని ఆపలేదు.

రేవు పట్టణంలో మా బస చేపల రేవుకు ఆనుకుని ఉంది. తెల్లవారకముందే పడవల మోత మొదలవుతుంది, నిద్ర గురించి ఆశ పెట్టుకోకూడదు. కానీ మెట్లు దిగితే చాలు, రేవులో ఉంటాం. మధ్యాహ్నం ఎండలో అక్కడి సందుల్లోకి ఎక్స్100వీఐని తీసుకెళ్లాను. 2024లో వచ్చిన ఈ కెమెరా లెన్సును మార్చలేం, ఉన్నదల్లా 23 మిల్లీమీటర్ల ఎఫ్/2 (అపెర్చర్ అంతకు మించి తెరుచుకోదు) ఒక్కటే. దీని గొప్పతనమంతా కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో ఉంది. ఒక మీట లాగితే డిజిటల్ తెర పోయి మామూలు గాజు వస్తుంది, అందులో చట్రం గీత ఒకటి తేలుతుంది. చట్రం బయట ఏముందో కూడా కనిపిస్తుంది కాబట్టి, వలల బుట్ట మోసుకొచ్చే మనిషి ఎప్పుడు లోపలికి అడుగుపెడతాడో చూసి నొక్కొచ్చు. షట్టర్ లెన్సులోనే ఉండటంతో చప్పుడు దాదాపు వినపడదు. కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండలో కూడా అపెర్చర్‌ను బాగా తెరిచి ఉంచడానికి, వెలుగును నాలుగు స్టాపులు తగ్గించే ఫిల్టర్ లోపలే ఉంది.

విసిగించినవీ ఉన్నాయి. ఐఎస్ఓ మార్చాలంటే షట్టర్ డయల్ చుట్టూ ఉన్న రింగును పైకెత్తి తిప్పాలి. మెల్లగా నడిచే రోజు సరదాగా ఉంటుంది, హడావిడిలో ఒళ్లు మండుతుంది. ఇక వాతావరణ రక్షణ పూర్తి కావాలంటే ముందుభాగానికి విడిగా అడాప్టర్ రింగు, ఫిల్టర్ బిగించాలి. అద్దె సంస్థ అవి ఇవ్వలేదు. రేవు దాటించే పడవ సేవ బాగుంది, వేళకు వస్తుంది, పై అంతస్తులో నిలబడనిస్తారు. అక్కడ ఉప్పునీటి తుంపర ముఖాన కొడుతుంటే ఎక్స్100వీఐని సంచిలో దాచేసి ఎక్స్-టీ5 తీశాను. దానికి తగిలించిన లెన్సు కూడా తుంపరను తట్టుకునేదే. కెమెరా ఒక్కటే తట్టుకుంటే లాభం లేదు.

అన్నయ్య ఆ పడవలోనే జడ్ఎఫ్‌కు అడాప్టర్‌తో ఒక పాత మాన్యువల్ లెన్సు తగిలించాడు. అప్పుడు కథ మారింది. అపెర్చర్ రింగు చేతికొచ్చింది. ఫోకస్ చేత్తో తిప్పుతుంటే కెమెరా ఎదుటివాళ్ల కంటిని గుర్తించి దాని మీద చిన్న చట్రం వేస్తుంది, పెద్దది చేసి చూస్తే ఆ కన్నే తెర నిండా వస్తుంది. పాత లెన్సులు ఇంట్లో ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా జడ్ఎఫ్ తీసుకోవచ్చు. లేనివాళ్లు రెండుసార్లు ఆలోచించాలి.

వదిన జడ్ఎఫ్‌సీ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 445 గ్రాములు, చేతి వణుకును ఆపే ఏర్పాటు లోపల లేదు, చీకట్లో ఇబ్బందే. అయినా అందరికంటే ఎక్కువ ఫొటోలు తనే తీసింది, మెడలోంచి ఒక్కసారీ దించలేదు.

నేను ఎక్స్-టీ5నే కొంటున్నాను. దాంతో 23 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్సు, బరువు 180 గ్రాములు. ఫ్యూజీ లెన్సుల పేర్లలో ‘ఆర్’ ఉంటే అపెర్చర్ రింగు ఉన్నట్టు, ‘డబ్ల్యూఆర్’ ఉంటే తుంపరను తట్టుకుంటుందని గుర్తు. కొనేటప్పుడు ఆ రెండూ చూసుకోండి. అన్నయ్య జడ్ఎఫ్ వైపే మొగ్గుతున్నాడు, ముందు పట్టు కోసం ఒక గ్రిప్ కూడా వెతుకుతున్నాడు. ఎక్స్100వీఐని మళ్లీ అద్దెకు తీసుకుంటాను, ఈసారి అడాప్టర్ రింగు ఇస్తేనే.