కార్తీకంలో పెరటి పూలు: చేమంతా, బంతా, డిసెంబర్ పూలా?

దసరా దాటేసరికి ప్రతి ఏడూ అదే ప్రశ్న వస్తుంది. మల్లె ఎప్పుడో అయిపోయింది, జాజులు తగ్గుముఖం పట్టాయి, ముందు చూస్తే కార్తీకమంతా దీపాలూ పూజలూ. రోజూ పూలు కొనాలంటే భారమే. పెరట్లో ఏది వేసుకుంటే ఈ రోజుల్లో కూడా పూస్తుంది? అడిగేవాళ్ళలో ఎక్కువమంది నెల్లూరు, కోవూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల వాళ్ళే. అందరి మనసులో ముందుండేది చేమంతి. కాదంటే బంతి. డిసెంబర్ పూల మాట ఎవరూ వాళ్ళంతట వాళ్ళు ఎత్తరు. మన నేలకైతే ముందు ఎత్తాల్సిన పేరు అదేనని నా నమ్మకం.

చేమంతి బాగుండదని కాదు. చేమంతి అంత నిండైన పువ్వు ఈ కాలంలో మరొకటి లేదు. కానీ పూల మొక్కల గురించి మనకు దొరికే సలహాలు చాలావరకు హైదరాబాదు లాంటి చోట్లను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. అక్కడ శరదృతువంటే వానలు వెనకబడి ఆకాశం తేటపడే కాలం. మనకు అసలు వాన అప్పుడే మొదలవుతుంది. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఈశాన్య ఋతుపవనాలతోనే వస్తుంది. ప్రకాశంలోనూ ఈ మూడు నెలల వాటా పెద్దదే. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద అందరికీ గుర్తే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరును ఎలా ముంచిందో కూడా చూశాం. తుపానులు లేని ఏడాది కూడా వాయుగుండం ఒకటి పడితే చాలు, రెండు మూడు రోజులు ముసురు వదలదు. అందుకని చలికి ఏ పువ్వు ఓర్చుకుంటుంది అని చూస్తే మనకు ఉపయోగం లేదు. మన చలి పూల మొక్కలను చంపేంతది కాదు. ముసురు వెలిసిన మర్నాడు పొద్దున ఏ మొక్క మీద కోసుకోదగ్గ పూలు ఉంటాయన్నదే చూడాలి.

దీన్ని తేల్చేది, నేను గమనించినంతలో, పువ్వు మొక్క మీద ఎన్నాళ్ళు ఉంటుందన్న సంగతి. చేమంతి మొగ్గ కనబడిన దగ్గర్నుంచి పూర్తిగా విచ్చుకోవడానికే వారాలు పడుతుంది. విచ్చుకున్నాక మళ్ళీ రెండు మూడు వారాలు నిలుస్తుంది. పొడి వాతావరణంలో అది గొప్ప గుణం, కోసుకునే తొందరే ఉండదు. ముసురులో అదే గుణం చేటు. మూడు రోజులు వరసగా తడిస్తే మొక్క నెలన్నరగా తయారుచేసుకున్న పూలన్నీ ఒక్కసారే రేకుల మధ్య నీళ్ళు నింపుకుని, వెనక వైపు నుంచి గోధుమరంగు తిరిగి కుళ్ళిపోతాయి. ఆ కొమ్మకు మళ్ళీ వెంటనే మొగ్గ రాదు. డిసెంబర్ పువ్వు ఒకటి, మహా అయితే రెండు రోజులు ఉంటుంది. ముసురులో రాలేవి ఆ రోజు పూలే. ఇంకా విచ్చుకోని మొగ్గలు ఆకుపచ్చ దొప్పల్లో పదిలంగా ఉంటాయి. వాన ఎప్పుడు ఆగితే ఆ మర్నాటి నుంచి మళ్ళీ మొక్క నిండా పూలే. పువ్వు ఆకారం కూడా కలిసొస్తుంది. పలచటి ఐదు రేకుల గొట్టం, నీళ్ళు పట్టి ఉంచేంత ముద్ద కాదు, తడిసినా బరువెక్కి కొమ్మను వంచదు.

ఒక్కసారి ఇలా చూడటం అలవాటైతే పెరట్లో మిగతావి కూడా అర్థమవుతాయి. నందివర్ధనం, మందారం, శంఖుపూలు, కార్తీకం దాకా రాలే పారిజాతం, ఇవన్నీ ఏ రోజు పువ్వు ఆ రోజుదే అయినవి. మన తూర్పు తీరాన పాత ఇళ్ళ పెరళ్ళలో ఇవి తరతరాలుగా ఉండిపోవడానికి ఇదీ ఒక కారణమే అనిపిస్తుంది.

ఇక చేమంతే కావాలనుకునేవాళ్ళ సంగతి. వేసుకోవచ్చు, కానీ నేలలో వద్దు, కుండీలోనే. కుండీ కూడా ముసురు పట్టగానే వరండాలోకి జరుపుకోగలిగేంత ఉండాలి. చేమంతి వేళ్ళు పైపైనే ఉంటాయి. చుట్టూ నీళ్ళు నిలిస్తే మట్టిలో గాలి ఉండదు, వేరు కుళ్ళుతుంది. పైన ఆకులు వాడిపోవడం చూసి నీళ్ళు చాలలేదేమోనని ఇంకా పోస్తాం, దాంతో మొక్క ఇంకా త్వరగా పోతుంది. కింద ఆకుల మీద నల్లమచ్చలు మొదలైతే ఆ ఆకులు తుంచి దూరంగా పారేయాలి. నీళ్ళు ఆకుల మీద పడకుండా మొదట్లోనే పోయాలి.

చేమంతికి వెలుతురు లెక్క కూడా ఒకటుంది. ఇది చాలామంది పట్టించుకోరు. రాత్రి పొడుగైతేనే అది మొగ్గ వేస్తుంది. మన దగ్గర జూన్‌లో పగలు దాదాపు 13 గంటలు ఉంటే డిసెంబరు చివరికి 11 గంటల పావుకు దిగుతుంది. ఆ తేడా చిన్నదే అయినా మొక్కకు తెలుస్తుంది. కానీ రాత్రంతా వెలిగే వరండా లైటో, గోడ పక్కనే ఉన్న వీధి దీపమో సూటిగా మీద పడుతుంటే దాని లెక్కలో రాత్రి పొడుగవ్వదు. మొక్క ఏపుగా, పచ్చగా, ఆకులతో పెరుగుతూనే ఉంటుంది, మొగ్గ మాత్రం రాదు. పాలీహౌస్‌లలో చేమంతి వేసే రైతులు ఈ సంగతి తెలిసే, పూత వెనక్కి జరపాలనుకున్నప్పుడు రాత్రిళ్ళు బల్బులు వేస్తారు. ఎరువు చాలక పూయలేదనుకుని మందులు కొనేముందు, రాత్రి తొమ్మిదింటికి ఆ కుండీ దగ్గర నిలబడి దాని మీద ఎంత వెలుతురు పడుతోందో ఒకసారి చూడండి.

ఇంకో మాట. నర్సరీల్లో ఈ రోజుల్లో దొరికే గుత్తులు గుత్తుల చేమంతి కుండీలు చాలావరకు పొట్టిగా ఉండటానికి మందు కొట్టి పెంచినవి. వచ్చే ఏడాది అదే మొక్క పిలకలు తీసి నాటితే పొడుగ్గా పెరుగుతుంది. జూన్, జూలైల్లో పిలకలు నాటి, ఎదిగేటప్పుడు చిగుళ్ళు ఒకటి రెండు సార్లు తుంచితే గుబురుగా వస్తుంది. ఆగస్టు దాటాక మాత్రం తుంచకండి, పూత వెనకబడుతుంది. కుండీకి వరండాలో చోటూ, ఇంత ఓపికా ఉన్నవాళ్ళకు చేమంతిని మించింది లేదు. చాలా ఇళ్ళలో ఆ చోటే ఉండదు.

బంతి విషయంలో వానతో పాటు విత్తే నెల కూడా చూసుకోవాలి. దసరా, దీపావళి పూల కోసం జూలై, ఆగస్టుల్లో విత్తినవాళ్ళకు పండగలకు పూలు దొరుకుతాయి. కార్తీకంలో ముసురు వచ్చేసరికి ముద్దబంతి తలలు నీళ్ళు పీల్చి బరువెక్కి, కాడలు నేల మీద వాలిపోతాయి, మొగ్గలు నల్లబడతాయి. బోదె మీద నాటి, మొదళ్ళకు మట్టి ఎగదోస్తే కొంత నిలబడతాయి, ఎందుకంటే మట్టి తగిలిన చోట బంతి కాడ కొత్త వేళ్ళు వేస్తుంది. అయినా తల తడవకుండా ఆపలేం. ముద్దబంతి కన్నా రేకబంతి ఈ వానకు నయం, రేకులు తక్కువ కాబట్టి త్వరగా ఆరుతుంది. నా మాట ఏమిటంటే బంతిని కార్తీకం పువ్వుగా చూడొద్దు, ధనుర్మాసం పువ్వుగా పెట్టుకోండి. అక్టోబరు చివర వరండాలోనే ఒక తొట్టిలో నారు పోసుకుని, నవంబరు చివర వాన తెరిపి ఇచ్చినప్పుడు నాటితే, విత్తిన రెండు నెలల పైచిలుకుకు, గొబ్బెమ్మలు పెట్టే రోజులకు పూలు సరిగ్గా అందుతాయి. అప్పటికి ముసుర్లు తగ్గుతాయి, పూలు ముద్దగా, రంగు తిరిగి వస్తాయి.

కనకాంబరం ఏడాది పొడుగునా పూసేదే. కంకి మీద కింది నుంచి పైకి కొన్ని కొన్నిగా విచ్చుకుంటుంది కాబట్టి వానకు అన్నీ ఒకేసారి పోవు, ఆ విధంగా డిసెంబర్ పూలకు దగ్గరి గుణమే. రెండూ ఒకే కుటుంబం మొక్కలు కూడా. కానీ నీళ్ళు నిలిస్తే ఎండుతెగులుతో మొక్కే పోతుంది, చలికాలంలో పూత కూడా తగ్గుతుంది. వేళ్ళకు నులిపురుగులు పట్టడం దీనికి ఉన్న మరో బెడద. బంతి వేసి తీసేసిన మడిలో కనకాంబరం నాటడం మంచి పద్ధతి, బంతి వేళ్ళ నుంచి వచ్చే రసాయనాలకు నులిపురుగులు తగ్గుతాయి.

మిగతావి క్లుప్తంగా. గులాబీకి ఈ చలి మంచిదే కానీ వానలో ఆకుమచ్చ తప్పదు. బిళ్ళగన్నేరు ఎండలో ఎంత మొండిదో తడిలో అంత బలహీనం, కొమ్మ చివర్ల నుంచి కుళ్ళుతుంది. కాగడాలు చలికాలంలో పూస్తాయి, వాసన అంతంత మాత్రం. బొగడబంతి ఎండినా రంగు పోదు, పిల్లలకు ఇష్టం, ఒక మూల వేసుకోవచ్చు.

నేలను బట్టి నా జవాబు కొంచెం మారుతుంది. పొగాకు రైతులు ఒంగోలు, కొండపి, టంగుటూరు వైపు నల్లరేగళ్ళనూ, పొదిలి, కనిగిరి, కందుకూరు వైపు తేలిక నేలలనూ ఎప్పుడూ వేరువేరుగానే లెక్కేస్తారు. పూలకూ ఆ లెక్కే పనికొస్తుంది. కనిగిరి, పొదిలి వైపు ఎర్రనేలలో నీళ్ళు నిలవవు, వాన కూడా తీరం కన్నా తక్కువ. అక్కడ ఉన్నవాళ్ళు చేమంతిని ధైర్యంగా నేలలోనే వేసుకోవచ్చు. నల్లరేగడిలో, పెన్న డెల్టా బంకమట్టిలో, మరీ ముఖ్యంగా వరి పొలాలను లేఅవుట్లు చేసి కట్టిన నెల్లూరు శివారు కాలనీల్లో, నేలలో చేమంతి పెట్టడం మొక్కను చంపుకోవడమే. మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో ఇసుక నేల నీళ్ళను లాగేస్తుంది కానీ గాలి తాకిడి ఎక్కువ. పొడుగు కాడల బంతి కన్నా గుబురుగా, నడుం ఎత్తులో ఉండే మొక్క అక్కడ మేలు. డిసెంబర్ మొక్క ఎదిగేది సరిగ్గా అంత ఎత్తే.

దానికి లోట్లు లేవని చెప్పను. వాసన ఉండదు. కోసిన పూలు సాయంత్రానికే వడలిపోతాయి, కాబట్టి పొద్దున కోసి పొద్దున్నే కట్టుకోవాలి. మరువం రెమ్మలు మధ్యమధ్య పెట్టి కడితే వాసన లోటు తీరుతుంది, ఊదా రంగు పక్కన ఆ ఆకుపచ్చ బాగుంటుంది కూడా. పూత అయిపోయాక మొగ్గల చుట్టూ ఉన్న దొప్పలు ఎండి చేతికి గుచ్చుకుంటాయి. మార్చి నుంచి అక్టోబరు దాకా అది ఉత్త పచ్చటి పొద. పెరడు చిన్నదైతే ఏడాదిలో ఎనిమిది నెలలు పూయని మొక్కకు చోటివ్వాలా అని అనిపించడం సహజమే. దీనికి నా సలహా ఒకటే. ఎండ సగం పూటే పడే ప్రహరీ పక్కన, వేరే ఏదీ సరిగ్గా పూయని చోట పెట్టండి. కొంత నీడనూ, ఎండాకాలంలో నీటి కొరతనూ అది ఓర్చుకుంటుంది.

తెలుపు, ఊదా, లేత గులాబీ, తెల్లటి రేకు మీద ఊదా చారలున్నది, ఇన్ని రంగులున్నాయి. పూజకు ఎక్కువగా కావాలనుకునేవాళ్ళు తెలుపు, జడలోకి కావాలనుకునేవాళ్ళు ఊదా వేసుకుంటే సరి. దీన్ని కొనాల్సిన పని కూడా చాలాసార్లు ఉండదు, వీధిలో ఎవరో ఒకరింట్లో ఉంటుంది. ఇప్పుడు పూతలో ఉన్న మొక్క కొమ్మలు విరవకండి. రంగు చూసి పెట్టుకుని, అడిగి ఉంచండి. ఫిబ్రవరిలో పూత అయిపోయాక వాళ్ళు ఎలాగూ కత్తిరించాలి, లేకపోతే కింద కొమ్మలు బోడిగా మిగిలిపోతాయి. ఆ కత్తిరించిన వాటిలో పెన్సిలు మందం ఉన్న కొమ్మలు జానెడు పొడుగున తీసుకుని, కింది ఆకులు తుంచి, సగం ఇసుక కలిపిన మట్టిలో నీడన గుచ్చితే వేళ్ళు పోసుకుంటాయి. వేసవంతా కుండీలోనే ఉంచి, జూన్, జూలై వానకు మాగిన పశువుల ఎరువు కలిపిన గుంటలో నాటుకోవచ్చు. ఆగస్టు లోపు ఒకసారి చిగుళ్ళు తుంచితే చాలు, వచ్చే నవంబరుకు అదే మొక్క పూతకు వస్తుంది.